తోక కొయ్యని క్రియ

"మామయ్యా, ఒక్క డౌటు. ఫోన్ పెట్టేయకు."

శనివారం రాత్రి మా భోజనాలయ్యాక టెక్సాస్ నుంచి వీడియో కాల్. వాళ్లకప్పుడు పొద్దున. మా మేనకోడలు హైస్కూల్లో స్పానిష్ తీసుకుంది, సోమవారం క్విజ్ ఉందట. నోటుబుక్కు ఎత్తి కెమెరాకు చూపించింది. పేజీ నిండా స్పానిష్ క్రియలు, ప్రతి క్రియ చివరి రెండక్షరాల మీదా ఎర్ర పెన్ను గీత, పక్కన బుల్లి కత్తెర బొమ్మ.

"వర్తమాన కాలానికైతే తోక కోసి కొత్త తోక అతికిస్తాం. భవిష్యత్తులో మాత్రం కొయ్యొద్దంట. మొత్తం పదం అలాగే ఉంచి దాని వెనకే ఇంకో తోక పెట్టాలంట. ఎందుకని అడిగితే మా టీచర్ 'అదంతే, గుర్తు పెట్టుకో' అంది."

గుర్తు పెట్టుకుంటే క్విజ్ గట్టెక్కుతుంది, అందులో తప్పు లేదు. కానీ ఈ 'అదంతే' వెనక పదిహేను వందల ఏళ్ల నాటి అతుకు ఒకటి ఉంది. అది తెలిస్తే గుర్తు పెట్టుకోవాల్సింది సగానికి సగం తగ్గిపోతుంది.

ముందు కత్తెర సంగతి

స్పానిష్‌లో క్రియలన్నీ నిఘంటువులో మూడు తోకల్లో ఏదో ఒకదానితో కనిపిస్తాయి. కంతార్ అంటే పాడడం, కొమేర్ అంటే తినడం, బిబీర్ అంటే బతకడం. (ఈ వ్యాసంలో స్పానిష్ మాటల్ని ఒక పద్ధతిలో రాస్తున్నాను: పదంలో ఏ అచ్చును ఒత్తి పలుకుతారో దానికి దీర్ఘం ఇచ్చాను. నిజానికి స్పానిష్‌లో మనలాగా హ్రస్వ దీర్ఘాల తేడా లేదు. ఉన్నది ఊనిక. ఈ దీర్ఘాలు ముందుముందు పనికొస్తాయి, చూస్తూ ఉండండి.)

వర్తమానంలో ఈ మూడు జట్లూ మూడు దార్లు. 'పాడతాం' అనాలంటే కంతామొస్, 'తింటాం' అనాలంటే కొమేమొస్, 'బతుకుతాం' అనాలంటే బిబీమొస్. తోక కోశాక ఒక జట్టుకు 'ఆ', ఒకదానికి 'ఏ', మరోదానికి 'ఈ' వచ్చి కూర్చుంది. నేర్చుకునేవాళ్లకు మూడు పట్టికలు తప్పవు.

భవిష్యత్తుకు వచ్చేసరికి ఈ గొడవంతా మాయం. కంతార్, కొమేర్, బిబీర్ ఎక్కడివక్కడే ఉంటాయి. 'నేను' అయితే చివర 'ఏ' చేర్చడమే: కంతరే (పాడతాను), కొమెరే (తింటాను), బిబిరే (బతుకుతాను). మూడు జట్లకూ తోక ఒకటే.

వ్యాకరణంలో ఇంత పొందిక కనిపిస్తే నాకు అనుమానం వస్తుంది. భాషలు పాతబడే కొద్దీ ఇనుప సామానులా తుప్పు పడతాయి, వంకర్లు పోతాయి. వంకరే లేని చోట ఆ భాగాన్ని ఈమధ్యే మార్చి ఉంటారు. పాత ఇంట్లో తళతళలాడే కొత్త కుళాయి కనిపిస్తే ఏమనుకుంటాం?

> పట్టిక: భవిష్యత్తు తోకలు, వాటి జంట
>
> నేను: కంతర్ఏ → కంతరే
> నువ్వు: కంతర్ఆస్ → కంతరాస్
> అతడు, ఆమె, మీరు (గౌరవంగా ఒకరిని): కంతర్ఆ → కంతరా
> మేము, మనం: కంతర్ఏమొస్ → కంతరేమొస్
> మీరంతా (స్పెయిన్‌లో, చనువుగా): కంతర్ఏయిస్ → కంతరేయిస్
> వాళ్లు, మీరంతా (గౌరవంగా, లాటిన్ అమెరికాలో చనువుగా కూడా): కంతర్ఆన్ → కంతరాన్
>
> ఇప్పుడు 'అబేర్' అనే క్రియ వర్తమాన రూపాలు వరసగా చదవండి: ఏ, ఆస్, ఆ, ఏమొస్, అబేయిస్, ఆన్.

రెండు వరసలూ ఒకటే! అయిదోది మాత్రం 'అబేయిస్' నుంచి 'అబ్' రాలి 'ఏయిస్'గా మిగిలింది. ఈ పోలిక పుస్తకంలో కళ్లకు కనపడకపోవడానికి కారణం ఒక మూగ అక్షరం. అబేర్ రూపాల ముందు స్పానిష్ రాతలో హకారం ఉంటుంది, పలకరు. భవిష్యత్తు తోకల్లో ఆ హకారం రాయరు. అందుకని కళ్లతో చూస్తే వేరు, చెవితో వింటే ఒకటి. మా మేనకోడలు రెండు వరసలూ పైకి చదివి, ఒక క్షణం ఆగి, "అరే, ఇది మేం పోయిన యూనిట్‌లో చదివిందే!" అంది.

అవును. 'ఏ కంతాదొ' అంటే 'పాడాను, పాడి ఉన్నాను' అని వాళ్లు అప్పటికే నేర్చుకున్నారు. అదే 'ఏ' ముందు నిలబడితే జరిగిపోయిన పని, వెనక నిలబడితే జరగబోయే పని.

పాత భవిష్యత్తుకు ఏమైంది?

స్పానిష్‌కు తల్లి లాటిన్. లాటిన్‌కు సొంత భవిష్యత్ రూపాలు లేక కాదు. 'పాడతాడు' అనడానికి 'కంతాబిత్' అనేవారు. 'పాడాడు' అనడానికి 'కంతావిత్'. తేడా అంతా బ, వ అనే రెండు హల్లుల మధ్య ఉంది. రోమన్ సామ్రాజ్యం చివరి శతాబ్దాల్లో మామూలు జనం నోట అచ్చుల మధ్య బకారం మెత్తబడింది, వకారం కూడా దాని దగ్గరికే జరిగింది. రెండూ కలిసిపోయాయి. ఇప్పటికీ స్పానిష్‌లో ఈ రెండు అక్షరాల ఉచ్చారణకు తేడా లేదు, అందుకే పైన 'బిబీర్' అని రాశాను.

ఫలితం ఊహించండి. 'అబ్బాయి పాడాడు', 'అబ్బాయి పాడతాడు' రెండూ ఒకేలా వినిపిస్తున్నాయి. అప్పు తీర్చాడో తీరుస్తాడో తెలియని పరిస్థితి.

మరో జట్టు క్రియలకు ఇంకో చిక్కు. 'దీకిత్' అంటే చెబుతున్నాడు, 'దీకెత్' అంటే చెబుతాడు. ఇక్కడ తేడా చివరి అచ్చులో ఉంది. జనం నోట ఆ పొట్టి ఇకారం కాస్తా ఎకారమైంది. అంటే ఒక జట్టులో భవిష్యత్తు భూతకాలంలో కలిసింది, ఇంకో జట్టులో వర్తమానంలో కలిసింది. వ్యాకరణం రాసేవాళ్లు పాత రూపాలు వల్లె వేయిస్తూనే ఉన్నారు. బజారులో వాటితో పని జరగడం లేదు.

పని జరగనప్పుడు జనం చుట్టు తిరిగి చెబుతారు. అబేర్ రూపమైన 'ఏ'కు మూలం లాటిన్ 'హబెయో', అంటే 'నాకు ఉంది'. 'కంతారె హబెయో' అంటే 'నాకు పాడేది ఉంది'. మొదట దానర్థం బాధ్యత, ఏర్పాటు.

తెలంగాణలో ఎవరినైనా 'రేపు ఖాళీయేనా' అని అడిగి చూడండి. "రేపు కరీంనగర్ పోయేది ఉంది" అంటారు. కోస్తాలో అయితే "వెళ్లాల్సి ఉంది". ఆ మాటలో బాధ్యత ఎంత, రేపటి కబురు ఎంత? విడదీయలేం. చేయాల్సి ఉన్న పని ఎలాగూ రేపటి పనే. అలా నలిగి నలిగి బాధ్యత అరిగిపోయి, రేపు మిగిలింది. లాటిన్ జనం నోట జరిగింది సరిగ్గా ఇదే. కంతారె హబెయో క్రమంగా 'కంతార్ ఏ' అయింది, చివరికి 'కంతరే'.

కోట పేరులో దొరికిన సాక్ష్యం

ఈ అతుకు రాతలో మొదటిసారి స్పష్టంగా దొరికే చోటు ఒక పుకారు కథ. 7వ శతాబ్దంలో ఫ్రాంకుల రాజ్యంలో లాటిన్‌లో రాసిన చరిత్ర ఒకటుంది, ఫ్రెడెగార్ పేరు మీద చలామణి అవుతోంది. అందులో జస్టీనియన్ చక్రవర్తి పర్షియా రాజును ఓడించి, ఆక్రమించిన ప్రాంతాలు తిరిగి ఇమ్మంటాడు. రాజు 'ఇవ్వను' అంటాడు, పాత లాటిన్ రూపంలో: 'దాబో'. చక్రవర్తి 'ఇస్తావు' అంటాడు: 'దరాస్'. ఆ మాట మీదే అక్కడి ఊరికి దరాస్ అని పేరు వచ్చిందని కథ.

చరిత్రగా ఇది నిలబడదు. దారా కోటను 6వ శతాబ్దం మొదట్లో కట్టించింది అనస్తాసియస్ చక్రవర్తి, జస్టీనియన్ కంటే ముందువాడు. ఇప్పుడు ఆ శిథిలాలు ఆగ్నేయ టర్కీలో మార్దిన్ పట్టణానికి దగ్గర్లో ఉన్నాయి. కానీ భాషకు సంబంధించినంత వరకు ఇంతకంటే మంచి సాక్ష్యం అడగలేం. ఓడినవాడి నోట పాత భవిష్యత్తు, గెలిచినవాడి నోట కొత్త భవిష్యత్తు, ఒకే సంభాషణలో. ఇవాళ మాడ్రిడ్‌లో పిల్లవాడు 'ఇస్తావు' అనడానికి పలికేది ఆ 'దరాస్' మాటనే.

అతుకు చాలాకాలం కనపడుతూనే ఉంది

రెండు మాటలు కలిసి ఒకటైపోవడం ఒక్క రోజులో జరగదు. మధ్యయుగాల కాస్తీయ (అంటే పాత స్పానిష్) రాతల్లో 'దాన్ని పాడతాను' అనడానికి 'కంతార్ లో ఏ' అని దొరుకుతుంది. 'లో' అంటే 'దాన్ని'. తోకకూ క్రియకూ మధ్య ఇంకో మాట దూరి కూర్చుందంటే అవి ఇంకా రెండు మాటలే అని అర్థం. 16వ శతాబ్దం దాకా ఈ వాడుక బతికింది, 17లో కనుమరుగైంది. పక్కనున్న పోర్చుగీసులో, పెద్దమనిషి తరహా రాతలో, ఇప్పటికీ క్రియను చీల్చి మధ్యలో ఆ చిన్న మాట పెడతారు.

ఇది వింతగా అనిపిస్తే మన 'చేస్తున్నాను' చూడండి. అది 'చేయుచు ఉన్నాను' అనే రెండు మాటల అతుకు. ఇప్పుడు ఒకే పదం. అయినా ఎవరైనా 'ఇంకా చేయలేదా?' అని కసిరితే ఏమంటాం? "చేస్తూనే ఉన్నా!" ఆ 'నే' దూరిన సందే అతుకు.

1492లో ఆంటోనియో దె నెబ్రిహా కాస్తీయ భాషకు వ్యాకరణం రాశాడు. కొలంబస్ ఓడ ఎక్కిన ఏడే అది. భవిష్యత్తు అనేది క్రియకు అబేర్ రూపాలు చేరి తయారైందని అతను అందులో చెప్పాడు. అప్పటికి అతుకు ఇంకా కళ్లెదుట ఉంది మరి.

ఇప్పుడు మేనకోడలి ప్రశ్నకు జవాబు రెండు ముక్కలు. తోక ఎందుకు కొయ్యరంటే, 'కంతార్' అక్కడ కత్తిరించిన మొద్దు కాదు, నిండు మాట. మూడు జట్లకూ తోక ఎందుకొకటే అంటే, అది తోక కాదు, అన్నిటికీ తోడొచ్చిన ఒకే ఒక్క సహాయ క్రియ.

దీనివల్ల ఒక తమాషా కూడా జరిగింది. స్పానిష్‌లో మహా మొండి క్రియలు రెండు: సేర్ (అవడం, ఉండడం), ఇర్ (వెళ్లడం). 'వెళ్తాను' బోయ్, 'వెళ్లాను' ఫుయీ. అసలు క్రియకూ వాటికీ పోలికే లేదు. అలాంటివి కూడా భవిష్యత్తులో బుద్ధిగా క్యూలో నిలబడతాయి: సెరే, ఇరే.

ఊనిక ఎటు పోయింది?

ఇందాక దీర్ఘాలు చూస్తూ ఉండమన్నాను కదా. 'కంతార్'లో బరువు 'తా' మీద. 'కంతరే'లో అది చివరికి జరిగింది. సహాయ క్రియ తన ఊనికను తనతోనే తెచ్చుకుంది.

స్పానిష్ రాతకు ఒక నియమం ఉంది. అచ్చుతో గానీ న, స అనే హల్లులతో గానీ ముగిసే మాటలో ఊనిక చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. అలా పడకపోతే, పడినచోట అచ్చు మీద చిన్న వాలుగీత పెట్టాలి. కంతరే, కంతరాస్, కంతరా, కంతరేయిస్, కంతరాన్: అయిదింటిలోనూ బరువు చివర ఉంది, అందుకే అయిదింటికీ గీత. కంతరేమొస్‌లో మాత్రం బరువు నియమం ప్రకారమే 'రే' మీద పడింది. దానికి గీత అక్కర్లేదు. క్విజ్‌లో పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఈ ఆరోదానికి కూడా గీత పెట్టేసే.

గీత అలంకారం కాదు. 'కంతరా' అంటే పాడతాడు. గీత మర్చిపోతే అది 'కంతార', అంటే 'ఒకవేళ పాడి ఉంటే' లాంటి మరో రూపం.

దారి తప్పిన పన్నెండు

పుస్తకాలు సాధారణంగా పన్నెండు క్రియల్ని 'భవిష్యత్తులో అపవాదాలు' అని జాబితా కడతాయి. తోకలు వీటిలోనూ మారవు. మారేది క్రియ నడుము. ఊనిక చివరికి పోగానే దానికి సరిగ్గా ముందున్న అచ్చు బలహీనపడింది. రోజుకు వందసార్లు వాడే క్రియల్లో అది పూర్తిగా నలిగిపోయింది. 'చేయుచు' మన నోట 'చేస్తు' అయిపోయినట్టే. సబేర్ (తెలియడం) 'సబెరే' కావాల్సింది 'సబ్రే' అయింది. పొదేర్ (చేయగలగడం) 'పొద్రే' అయింది. 'దెసీర్' (చెప్పడం), 'అసేర్' (చేయడం) మరీ చిక్కిపోయి 'దిరే', 'అరే' అయ్యాయి. పాడడం, ఉతకడం వంటి క్రియలు అంత రాపిడికి గురికాలేదు, బతికిపోయాయి.

కొన్నిటిలో మాత్రం ఎక్కడిదో ఒక దకారం ఊడిపడింది. పొనేర్ (పెట్టడం) 'పొంద్రే', తెనేర్ (కలిగి ఉండడం) 'తెంద్రే', బెనీర్ (రావడం) 'బెంద్రే', సలీర్ (బయల్దేరడం) 'సల్ద్రే'.

> ఆ దకారం ఎక్కడిది?
>
> 'పొన్‌రే' అని గబగబా పదిసార్లు అనండి. 'న' పలికేటప్పుడు నాలుక కొస పైపళ్ల వెనక ఆనుతుంది, గాలి ముక్కులోంచి పోతుంది. 'ర'కు ముక్కు దారి మూసుకోవాలి, నాలుక విడివడాలి. ఈ రెండు పనులూ ఒకే క్షణంలో జరగాలి. ముక్కు కాస్త ముందే మూసుకుని నాలుక ఇంకా ఆనే ఉంటే, ఆ రెప్పపాటులో పుట్టే ధ్వనే 'ద'. అది ఎవరూ కావాలని చేర్చింది కాదు.
>
> మన దేశంలోనూ ఇదే జరిగింది. సంస్కృతం 'వానర' హిందీలో 'బందర్' అయింది, న, ర మధ్య దకారం పుట్టి. పెదవులతో పలికే మకారం అయితే ఆ సందులో 'బ' పుడుతుంది. 'తామ్రం' హిందీలో 'తాంబా', 'ఆమ్రం' మరాఠీలో 'ఆంబా'. స్పానిష్‌లో 'మనిషి'ని 'ఓంబ్రె' అంటారు. లాటిన్ మాటలో ఆ 'బ' లేదు.

మన 'గల', మన 'బోతు'

ఈ కథ చదువుతున్నంతసేపూ నాకు మన పెళ్లి కార్డులు గుర్తొస్తూ ఉంటాయి. "సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేయగలరు." విచ్చేసే శక్తి మీకు ఉందని చెప్పడం కాదు కదా అది. పాత వాతావరణ సూచనల్లో "వర్షాలు కురియగలవు" అంటే మేఘాల సామర్థ్యం గురించి కాదు. గ్రాంథికంలో 'చేయగలడు' భవిష్యత్ రూపం కూడా. 'చేయ' అనే క్రియారూపానికి 'కల' చేరింది. ఏ 'కల'? ధనం కలవాడు, ఇద్దరు బిడ్డలు కలరు అంటామే, ఆ 'కల'. ఉండడం, కలిగి ఉండడం. అంటే కంతారె హబెయో అతుకు ఎలాంటిదో ఇదీ అలాంటిదే, ఒకరి నుంచి ఒకరు నేర్చుకోకుండా. మన దగ్గర ఆ రూపం తర్వాత శక్తి వైపు జరిగిపోయింది, స్పానిష్‌లో రేపటి దగ్గరే ఆగింది.

అక్కడితో అయిపోలేదు. ఇప్పుడు స్పానిష్ మాట్లాడేవాళ్లు, ముఖ్యంగా లాటిన్ అమెరికాలో, రోజువారీ మాటల్లో 'కంతరే' కంటే 'బోయ్ ఆ కంతార్' ఎక్కువగా అంటారు. మాటకు మాట అర్థం 'పాడడానికి పోతున్నాను', ఉద్దేశం 'పాడతాను'. మనం 'పాడబోతున్నాను' అంటాం. పాడ, పోతున్నాను: ఆ 'పోతు' సంధిలో 'బోతు' అయింది. స్పానిష్ 'బోయ్'కీ మన 'బో'కీ చుట్టరికం మాత్రం లేదు, ధ్వని కాకతాళీయం. పద్ధతి ఒకటే: కాళ్లు అటు నడిస్తే మాట కూడా అటే నడుస్తుంది.

ఇంకా వెనక్కి వెళ్తే మరో మలుపు. లాటిన్‌లో పాడైపోయిన ఆ పాత భవిష్యత్తు, 'కంతాబిత్'లోని బకారం, అది కూడా ఒకప్పటి సహాయ క్రియ అతుకే అని భాషా శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది నమ్మకం. 'అవడం' అనే అర్థంలో ఉన్న ప్రాచీన ధాతువు అది. సంస్కృతంలో దాని చుట్టం 'భూ'. మనం ఇప్పుడు వాడుతున్న 'భవిష్యత్తు' అనే మాట పుట్టింది ఆ 'భూ' నుంచే.

పని పోయినా ఉద్యోగం పోలేదు

'బోయ్ ఆ' వచ్చి మీద పడింది కాబట్టి పాత 'కంతరే' మూలకు చేరిందా? రాతలో, ప్రమాణాల్లో, ప్రకటనల్లో నిలబడే ఉంది. మాటల్లో మాత్రం దానికి కొత్త కొలువు దొరికింది: ఊహించడం. 'ఎస్తరా ఎన్ కాస' అంటే 'రేపు ఇంట్లో ఉంటాడు' అని కావచ్చు, 'ఇప్పుడు ఇంట్లో ఉండి ఉంటాడు' అని కావచ్చు. 'అబ్రా యెగాదొ' అంటే 'ఈపాటికి చేరి ఉంటాడు'. కాలం రేపటిది కాదు. మాట్లాడేవాడు కళ్లతో చూడలేదు, అంతే. రేపటినీ ఎవరూ చూడలేదు కనుక రెండింటికీ ఒకే రూపం సరిపోయింది.

ఇది వివరించబోయి ఉదాహరణ కోసం వెతుక్కుంటున్నాను. ఈలోపు ఆవలింత వచ్చింది. దాచుకుందామనుకున్నాను గానీ కెమెరా దాచనివ్వలేదు.

"అయ్యో మామయ్యా, అక్కడ పది అయి ఉంటుంది కదా! పడుకో."

"ఇప్పుడు నువ్వన్న మాట స్పానిష్‌లో చెప్పు" అన్నాను.

గోడ గడియారం తనకు కనిపించదు. పెన్ను నోట్లో పెట్టుకుని కాసేపు లెక్కలు వేసింది. సేర్, తోక కొయ్యకూడదు, వెనక ఆన్.

"సెరాన్... సెరాన్ లాస్ దియేస్."

చూశాను. పది గంటల అయిదు నిమిషాలు.